రక్షణ పద్దును చదవకుండా ఆమోదించడం ఎవరికి మేలు?

2018 మార్చి నెలలో మన పార్లమెంటులో రెండు సంగతులు జరిగాయి. రక్షణ శాఖను పరిశీలించే స్టాండింగ్ కమిటీ తన నివేదికను సభ ముందు ఉంచింది. సైన్యం వైస్ చీఫ్ హోదాలో లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ ఆ కమిటీ ముందు హాజరై, సైన్యం చేతిలో ఉన్న సామగ్రిలో 68 శాతం పాతకాలపుదనీ, 24 శాతం ప్రస్తుత తరానిదనీ, అత్యాధునికమని చెప్పదగినది 8 శాతమేననీ, ఆ ఏడాది కేటాయింపులు తమ ఆశలపై నీళ్లు చల్లాయనీ చెప్పిన సాక్ష్యం అందులో అచ్చయింది. అదే నెలలో లోక్‌సభ అన్ని శాఖల పద్దులతో పాటు రక్షణ పద్దులను కూడా ఒక్క మాట చర్చించకుండా, మిగిలిన పద్దులన్నిటినీ ఒకేసారి ఓటుకు పెట్టే గిలెటిన్ పద్ధతిలో మూజువాణి ఓటుతో ఆమోదించింది. సైన్యం తన అవస్థ చెప్పుకున్నది, సభ ఆ అవస్థకు డబ్బు మంజూరు చేసిందీ ఒకే నెలలో, ఒకే భవనంలో. ఆ రెండింటికీ మధ్య సంభాషణ మాత్రం జరగలేదు.

ఆ కమిటీకి అప్పుడు అధ్యక్షుడు మేజర్ జనరల్ బి.సి. ఖండూరి. సైన్యంలో పనిచేసి, రాజకీయాల్లోకి వచ్చి, ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రిగా కూడా ఉన్న మనిషి. అధికార పక్షం సభ్యుడు. సొంత ప్రభుత్వాన్ని నొప్పించే సాక్ష్యాన్ని ఆయన దాచకుండా నివేదికలో పెట్టించారు. అదే ఏడాది సెప్టెంబరులో కమిటీలను మళ్లీ ఏర్పాటు చేసినప్పుడు ఆ అధ్యక్ష స్థానం ఆయనకు దక్కలేదు. కారణాలు ఎవరూ బహిరంగంగా చెప్పలేదు కనుక నేను ఊహించి చెప్పను. అయితే ఆ తరువాత ఆ కుర్చీలో కూర్చునే సభ్యులెవరైనా ఆ ఉదంతాన్ని గుర్తుపెట్టుకునే ఉంటారని అనుకోవడానికి ఊహ అక్కరలేదు.

విజయనగరంలో రాజనీతిశాస్త్రం బోధించి రిటైరైన నాకు ఈ విషయంతో ఏమి పని అని అడిగేవారున్నారు. మా ప్రాంతానికి ఉన్నంత పని మరే ప్రాంతానికైనా ఉందా అని నేను వారిని తిరిగి అడుగుతాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో భూమి తక్కువ, పరిశ్రమ తక్కువ, వలస ఎక్కువ. ఇంటర్మీడియట్ పూర్తి చేసిన రైతుకూలీ కొడుకుకు జీతం, గౌరవం రెండూ ఇచ్చే దారి సైన్యమే అని నమ్మే ఊళ్లు మాకు కొల్లలు. తెల్లవారుజామున విజ్జీ స్టేడియం వైపు నడకకు వెళ్లే ఎవరికైనా ఆ కుర్రవాళ్లు కనిపిస్తారు. అగ్నివీర్ ఎంపికలో 1.6 కిలోమీటర్ల దూరాన్ని 5 నిమిషాల 30 సెకన్లలోపు పరిగెత్తితే పూర్తి మార్కులు. ఒకడు ఫోనులో స్టాప్‌వాచ్ పట్టుకొని గట్టున నిలబడితే మిగతావారు చీకట్లో పరిగెడతారు. అడుగు ఊడిన బూటును తాడుతో కట్టుకొని పరిగెత్తిన వాణ్ని చూశాను. అదేమిటని అడిగితే, ర్యాలీ నాటికి కొత్తవి కొంటామండీ, ఇవి ప్రాక్టీసుకు సరిపోతాయండీ అన్నాడు. ఊరికి దగ్గరలోనే కోరుకొండ సైనిక్ స్కూలు ఉంది. పి.వి.జి. రాజు గారు ఇచ్చిన రాజభవనంలో 1962 జనవరిలో అది మొదలైంది. ఇటు దక్షిణాన గంటన్నర ప్రయాణంలో విశాఖ నౌకాస్థావరం, అటు సాలూరు ఘాట్ ఎక్కితే సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఇంజన్ల కర్మాగారం. మనుషులనూ పనివాళ్లనూ ఇచ్చే ప్రాంతం మాది. ఇచ్చినవారికి లెక్క అడిగే హక్కు ఉంటుంది.

నా వాదన ఇది. రక్షణ వ్యయం మీద మన పార్లమెంటు పరిశీలన కుంభకోణం బయటపడినప్పుడు మాత్రమే నిద్ర లేస్తోంది. ఆ ఆలస్యపు పరిశీలన సైనికుడికి మేలు చేయకపోగా రెండుసార్లు కీడు చేస్తోంది: సరుకు సరిగా అందనప్పుడు ఒకసారి, రభస తరువాత కొనుగోళ్లే స్తంభించినప్పుడు మరొకసారి. ఒప్పందం మీద సంతకం కాకముందే, తలుపులు మూసుకొని అయినా సరే, ప్రజాప్రతినిధులు చూడగలిగే ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటును కోరవలసిన మొదటి గొంతుల్లో మా ఉత్తరాంధ్ర సభ్యుల గొంతు ఉండాలి.

డబ్బు ఎలా మంజూరవుతుందో ముందు చెప్పాలి. 2025-26లో రక్షణ మంత్రిత్వ శాఖకు కేటాయించింది 6,81,210 కోట్ల రూపాయలు, అంటే కేంద్ర బడ్జెట్ మొత్తంలో 13.45 శాతం. అది నాలుగు పద్దులుగా సభ ముందుకు వస్తుంది: మంత్రిత్వ శాఖ పౌర ఖర్చులు, సైనిక దళాల రోజువారీ ఖర్చులు, మూలధన వ్యయం, పెన్షన్లు. పెన్షన్లకే 1,60,795 కోట్లు. కొత్త ఆయుధాలు, నౌకలు, విమానాలు కొనడానికి ఉద్దేశించిన మూలధన పద్దు 1,80,000 కోట్లు. ఈ మూలధన పద్దు కాగితాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. విమానాలు, విమాన ఇంజన్లు అని ఒక వరుస, దానికి ఎదురుగా 48,614 కోట్లు. నౌకాదళ నౌకలు అని ఒక వరుస, దానికి ఎదురుగా 24,390 కోట్లు. ఇతర పరికరాలు అని ఇంకో వరుస, దానికి ఎదురుగా 63,099 కోట్లు. ఫిరంగులు, క్షిపణులు, రాడార్లు, రేడియోలు, రాత్రిపూట చూసే పరికరాలు అన్నీ ఆ రెండు మాటల్లో ఇమిడిపోయాయి. ఏ ఒప్పందానికి ఎంత, ఎన్నో వాయిదా, ఎన్ని నెలలు ఆలస్యం అన్నది ఆ వరుసలో ఉండదు. మా జిల్లాలో ఒక మండల పరిషత్ సమావేశంలో ఇలాంటి పద్దు పెడితే సభ్యులు ఊరుకోరు.

రాజ్యాంగం 113వ అధికరణ ప్రకారం లోక్‌సభ ఏ పద్దునైనా ఆమోదించవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు, పెంచలేదు. కోత తీర్మానాల ద్వారా ఒక్క రూపాయికి తగ్గించమని కోరి విధానాన్నే ప్రశ్నించవచ్చు, 100 రూపాయలు తగ్గించమని కోరి ఒక ప్రత్యేక ఫిర్యాదును సభ దృష్టికి తేవచ్చు. కాగితం మీద ఇవి పదునైన ఆయుధాలే. ఆచరణలో బడ్జెట్ సమావేశాల మధ్య విరామంలో కమిటీలు పద్దులను పరిశీలించి నివేదికలిస్తాయి, సభ మళ్లీ కూడాక కొన్ని శాఖలను ఎంచుకొని చర్చిస్తుంది, గడువు రోజున మిగిలినవన్నీ ఒకే ఓటుతో గిలెటిన్ కింద పోతాయి. రక్షణ ఎక్కువ ఏళ్లు ఆ మిగిలిన వాటిలోనే ఉంటుంది. 2023లో అయితే 2018లో జరిగినట్టే అన్ని శాఖలూ, సుమారు 45 లక్షల కోట్ల బడ్జెట్టూ, గొడవ మధ్య చర్చ లేకుండానే గట్టెక్కాయి. గొడవ చేసిన ప్రతిపక్షానికీ, గొడవను సాకుగా తీసుకున్న అధికార పక్షానికీ ఇందులో సమాన బాధ్యత ఉందని నా అభిప్రాయం.

అలా చర్చ లేకుండా పోయిన డబ్బు కొండ మీద ఏ రూపంలో చేరుతుందో ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ కాగ్ చెప్పిన ఒక ఉదాహరణ చాలు. సియాచిన్, లడఖ్ వంటి ఎత్తైన ప్రాంతాల్లోని సైనికులకు దుస్తులు, పరికరాలు, ఆహారం, వసతి ఎలా అందుతున్నాయన్న దానిపై కాగ్ నివేదిక 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చింది. 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు వరకు మంచు కళ్లద్దాల కొరత 62 శాతం నుంచి 98 శాతం దాకా ఉందని అందులో రాశారు. బహుళ ప్రయోజన బూట్లు కొనకపోవడంతో సైనికులు పాత బూట్లనే బాగుచేయించుకొని వాడవలసి వచ్చిందని రాశారు. ప్రత్యేక ఆహార పదార్థాలకు బదులు వేరేవి ఇవ్వడంలో లెక్క తప్పి కొన్ని సందర్భాల్లో అందవలసిన కేలరీల్లో 82 శాతం దాకా కోత పడిందని రాశారు. మంచు మీద ఎండ పడి తిరిగి కొట్టే వెలుగుకు కళ్లద్దాలు లేకుంటే చూపు దెబ్బతింటుంది. ఈ మాట కొండ ఎక్కిన ఎవరైనా చెబుతారు.

మా వీధి చివర ఉండే విశ్రాంత సుబేదారు గారు ఆ కొండ ఎక్కినవారే. నివేదికలోని ఈ భాగాలను ఆయనకు తెలుగులో చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఇలా అన్నారు: "మేం డూటీలో ఉన్నప్పుడు అడగకూడదు మాస్టారూ, అది క్రమశిక్షణ. ఇంటికొచ్చీసినాక అడిగితే వినీవోలు నేరు. మరి మా తరఫున అడగమని ఓటేసి పంపినోలు ఉన్నారు గదా, ఆళ్లేటి సేస్తన్నారు?"

ఈ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఇది. కొరత ఏర్పడింది 2015లో. నివేదిక సభకు చేరింది 2020లో. ఆ తరువాత పార్లమెంటు ప్రజా పద్దుల సంఘం (పీఏసీ) దాన్ని విచారణకు తీసుకుంది. అంటే మన వ్యవస్థ పనిచేయలేదని కాదు. కాగ్ చూసింది, రాసింది, సభకు ఇచ్చింది, పీఏసీ తీసుకుంది. 151వ అధికరణ చెప్పిన దారి అంతా సక్రమంగానే నడిచింది. ఈలోగా ఆ కొండ మీద ఉన్న పటాలాలు మారిపోయాయి, కొందరు రిటైరై ఇళ్లకు వచ్చేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆడిట్ స్వభావమే జరిగినదాన్ని చూడటం. జరగబోయేదాన్ని చూడవలసిన వారు సభ్యులు, వారి కమిటీలు.

ఈ జాడ్యం ఇవాళ్టిది కాదు. 1948లో లండన్‌లోని భారత హైకమిషనర్ వి.కె. కృష్ణమీనన్ సైన్యానికి జీపులు కొనే ఒప్పందం చేశారు. సుమారు 80 లక్షల రూపాయల ఆ వ్యవహారంలో మద్రాసు రేవులో దిగిన 155 జీపులు వాడకానికి పనికిరానివని తేలింది. పార్లమెంటులో ఏళ్ల తరబడి గొడవ జరిగింది. 1955లో ప్రభుత్వం ఆ అధ్యాయాన్ని మూసేసింది. 1956లో మీనన్ కేంద్ర మంత్రి అయ్యారు. సైనిక్ స్కూళ్ల ఆలోచన కూడా రక్షణ మంత్రిగా ఆయనదే, కనుక మా కోరుకొండ బడికి ఆయనతో ఒక బంధం ఉంది, ఆ మేలును నేను కాదనను. కానీ ఆ బడి ప్రారంభమైన ఏడాదే, అక్టోబరులో, చలి దుస్తులు సరిగా లేని జవాన్లు హిమాలయాల్లో చైనా సైన్యాన్ని ఎదుర్కొన్నారు. మీనన్ పదవి వదులుకోవలసి వచ్చింది.

ఆ యుద్ధం సాగుతుండగానే జరిగిన ఒక విషయం నేటి వాదనలకు చాలా అవసరం. 1962 నవంబరులో లోక్‌సభ చైనా దాడిపై చర్చించింది. 165 మంది సభ్యులు మాట్లాడారు. రహస్య సమావేశం జరుపుదామని సభ్యుడు ఎల్.ఎం. సింఘ్వి సూచించారు. నెహ్రూ ఒప్పుకోలేదు, ఇది దేశం మొత్తానికి సంబంధించిన విషయమని బహిరంగంగానే చర్చ జరిపించారు. శత్రువు సరిహద్దు లోపల ఉండగా, ప్రభుత్వం తప్పులు లెక్కపెట్టే చర్చను సభ బహిరంగంగా జరుపుకోగలిగింది. శాంతికాలంలో బూట్ల కొనుగోలు గురించి మాట్లాడితే దేశ భద్రతకు ముప్పని చెప్పేవారు ఆ నవంబరు సభా కార్యక్రమాలను తిరగేయాలి.

బోఫోర్స్ వ్యవహారాన్ని ఆనాటి గొడవ వరకే చాలామంది గుర్తుపెట్టుకున్నారు. దాని తరువాత జరిగిన నష్టం నా దృష్టిలో ఇంకా పెద్దది. 1986 మార్చిలో 400 ఫిరంగుల కోసం 1,437 కోట్ల ఒప్పందం కుదిరింది. 1987 ఏప్రిల్‌లో స్వీడిష్ రేడియో ముడుపుల కథనం ప్రసారం చేసింది. సంయుక్త పార్లమెంటరీ కమిటీ వేశారు. ప్రధాన ప్రతిపక్షాలు అందులో చేరలేదు. 1989లో కాగ్ నివేదిక వచ్చినప్పుడు ప్రతిపక్ష సభ్యులు మూకుమ్మడిగా రాజీనామా చేశారు, ఆ ఏడాది ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. ఇంతా జరిగి, 1999లో కార్గిల్ కొండల మీద అదే ఫిరంగులు మనవాళ్లకు అక్కరకు వచ్చాయి. కానీ 1986 తరువాత విదేశం నుంచి 155 మిల్లీమీటర్ల కొత్త ఫిరంగుల కోసం పెద్ద ఒప్పందం మళ్లీ కుదిరింది 2016 నవంబరులో, 145 ఎం777 ఫిరంగులకు. ముప్పై ఏళ్లు! ఆ ముప్పై ఏళ్లలో ఏ అధికారికీ ఫైలు మీద సంతకం చేసే ధైర్యం చాలలేదు, చేసిన సంతకాలు మధ్యలో రద్దయ్యాయి, సంస్థలు నిషేధ జాబితాల్లోకి వెళ్లాయి. ముడుపులు ఎవరు తిన్నారో తేల్చని రభస, ఫిరంగి దళాన్ని మాత్రం ఎండగట్టింది. 2010లో 12 వీవీఐపీ హెలికాప్టర్లకు కుదిరిన 3,546 కోట్ల అగస్టావెస్ట్‌లాండ్ ఒప్పందం 2014 జనవరి 1న రద్దయిన తీరూ ఇంచుమించు ఇదే.

అవినీతిని పట్టించుకోవద్దని దీనర్థం కాదు. సంతకానికి ముందు ఐదుగురు సభ్యులు అడగవలసిన ప్రశ్నను సంతకం అయ్యాక ఐదు వందల మంది అరవడం వల్ల ఫలితం ఉండదని అర్థం.

ముడుపుల ఊసే లేని చోట కూడా పరిశీలన లేకపోవడం వల్ల నష్టం జరుగుతోంది, అది జాప్యం రూపంలో. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్లకు విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డు కొత్త పేరు కాదు. సింధుకీర్తి జలాంతర్గామి మరమ్మతుల కోసం 2006లో అక్కడికి వచ్చి 2015లో బయటికి వెళ్లింది. మూడేళ్ల పని తొమ్మిదేళ్లు పట్టింది. ఆ కార్మికుల నైపుణ్యాన్ని నేను శంకించడం లేదు. వారిలో మా ఊళ్ల వారే ఎందరో. విడిభాగాలు, డ్రాయింగులు, విదేశీ నిపుణుల రాక, నిధుల విడుదల వంటివన్నీ కలిస్తేనే అలాంటి మరమ్మతు ముందుకు సాగుతుంది. ఏ ఏడాది ఏది ఆగిపోయిందో సభ ఏటా అడిగి ఉంటే, నాలుగో ఏటికైనా ఎవరో ఒకరు జవాబు చెప్పవలసి వచ్చేది. అదే యార్డుకు 2023 ఆగస్టులో సముద్రంలో యుద్ధనౌకలకు ఇంధనం, సరుకులు అందించే ఐదు ఫ్లీట్ సపోర్ట్ షిప్పుల కోసం సుమారు 19,000 కోట్ల ఒప్పందం దక్కింది. మా ప్రాంతానికి అది శుభవార్త. ఆ నౌకల పురోగతి మీద ఏటా ఒక లెక్క సభ ముందుకు రావాలని కోరేది కూడా ఆ శుభవార్త చెడకూడదనే.

వైమానిక దళం సంగతి ఇంకా తీవ్రం. 42 యుద్ధవిమాన స్క్వాడ్రన్లు ఉండాలి. 2025 సెప్టెంబరు 26న చివరి మిగ్-21లు విరమించాక మిగిలినవి 29. వాటి స్థానంలో రావలసిన 83 తేజస్ మార్క్ 1ఏ విమానాల ఒప్పందం 2021 ఫిబ్రవరిలో కుదిరింది. 2024 మార్చి నుంచి రావలసినవి ఇంజన్ల రాకలో ఆలస్యం వల్ల, మరికొన్ని కారణాల వల్ల వెనకబడ్డాయి. 2025 మే నెలలో వైమానిక దళాధిపతి ఏ.పి. సింగ్ ఒక పారిశ్రామిక సదస్సులో నిలబడి, సకాలంలో పూర్తయిన ప్రాజెక్టు ఒక్కటీ తనకు గుర్తుకు రావడం లేదనీ, కుదరదని తెలిసి కూడా గడువులకు సంతకాలు చేస్తున్నారనీ నిర్మొహమాటంగా చెప్పారు. ఆయన ధైర్యానికి నమస్కరిస్తాను. అయితే ఆ మాట ఆయన వ్యాపారవేత్తల సభలో చెప్పవలసి రావడం నన్ను కలచివేసింది. అది లోక్‌సభ కమిటీ గదిలో, ఏటా, లిఖితపూర్వకంగా చెప్పించవలసిన మాట.

ఇక రహస్యం గురించి. ఈ అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను. క్షిపణి ఎంత దూరం వెళ్తుందో, జలాంతర్గామి ఎక్కడ తిరుగుతుందో బయటపెట్టమని ఎవరూ అడగడం లేదు. అడుగుతున్నది ధర, గడువు, సంఖ్య, ఆలస్యం. అమెరికాలో 1980ల ఆరంభం నుంచి నన్-మెకర్డీ అనే చట్టనిబంధన ఉంది. ఒక ఆయుధ కార్యక్రమం ఖర్చు 15 శాతం పెరిగితే కాంగ్రెస్‌కు తెలియజేయాలి. 25 శాతం పెరిగితే రక్షణ మంత్రి లిఖితపూర్వకంగా సమర్థించుకోవాలి, లేకపోతే కార్యక్రమం రద్దవుతుంది. 2024లో సెంటినెల్ అనే అణు క్షిపణి కార్యక్రమం ఈ నిబంధనకు చిక్కింది. ఖర్చు 81 శాతం పెరిగి సుమారు 141 బిలియన్ డాలర్లకు చేరిందని బహిరంగంగా ప్రకటించి, అవసరాన్ని సమర్థించుకొని కొనసాగించారు. అణు క్షిపణి ఖర్చునే బహిరంగంగా చెప్పుకోగలిగిన దేశం బలహీనపడిందా?

జర్మనీ పద్ధతి నాకు ఇంకా నచ్చింది. అక్కడ రెండున్నర కోట్ల యూరోలు దాటిన ప్రతి సైనిక ఒప్పందమూ సంతకానికి ముందే పార్లమెంటు బడ్జెట్ కమిటీ ముందుకు రావాలి. మన డబ్బులో చూస్తే రమారమి 250 కోట్ల రూపాయలు. జర్మనీలో కొనుగోళ్లు చకచకా సాగుతాయని చెప్పడం లేదు. అక్కడి జాప్యాల మీద అక్కడివారే విసుక్కుంటారు. కానీ అక్కడ సంతకం చేసే అధికారికి ఒక రక్షణ ఉంది: అధికార, ప్రతిపక్ష సభ్యులు ఇద్దరూ ముందే చూశారు. రేపు ప్రభుత్వం మారినా ఆ ఫైలును ఆయన మెడకు ఉరితాడు చేయడం కష్టం. మన దగ్గర నిజాయితీపరుడైన అధికారికి లేనిది సరిగ్గా ఆ రక్షణే.

మన దగ్గర రహస్యం పేరిట ఏమి జరుగుతోందో రఫేల్ ఉదంతంలో చూశాం. 36 విమానాల ఒప్పందం 2016 సెప్టెంబరులో కుదిరింది. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పులో, కాగ్ నివేదిక పీఏసీ పరిశీలనకు వెళ్లిందన్న భావం వచ్చే వాక్యం పడింది. అప్పటికి అలాంటి నివేదికే సభకు రాలేదు. ప్రభుత్వం సవరణ కోరింది. చివరికి నివేదిక 2019 ఫిబ్రవరి 13న, 16వ లోక్‌సభ ఆఖరి రోజున, ధరల అంకెలు చెరిపివేసిన రూపంలో సభకు చేరింది. 2.86 శాతం చవక అని అందులో ఉంది. ఎంత మీద చవక అన్నది లేదు. ఆ ఒప్పందంలో అక్రమం ఉందని నేను అనడం లేదు; సమీక్షా పిటిషన్లను కూడా సుప్రీంకోర్టు కొట్టివేసింది. ధర తెలియని నివేదికను, రద్దు కాబోతున్న సభకు, చివరి రోజున ఇవ్వడం పరిశీలన అనిపించుకోదని మాత్రమే అంటున్నాను. పైగా ఇటీవలి ఏళ్లలో కాగ్ రక్షణ నివేదికలు అనేకం సభకు సమర్పించాక కూడా ఆ సంస్థ వెబ్‌సైటులో కనిపించడం లేదు. సభలో పెట్టిన పత్రం ప్రజల పత్రం. దాన్ని విజయనగరంలో కూర్చుని చదవలేకపోతే, సుబేదారు గారికి రేపు నేను ఏమి చదివి వినిపించాలి?

సభ్యులకు సైనిక విషయాలు తెలియవన్న మాట కూడా వింటుంటాం. నిజమే, తెలియవు. వ్యవసాయ శాస్త్రం తెలియని సభ్యులు ఎరువుల సబ్సిడీని చర్చిస్తారు, వైద్యం తెలియనివారు ఆసుపత్రుల పద్దును చర్చిస్తారు. కావలసింది వారికి సాయపడే నిపుణుల బృందం. 31 మంది సభ్యులున్న రక్షణ స్టాండింగ్ కమిటీకి సొంతంగా ఖర్చు లెక్కలు విశ్లేషించగల సిబ్బంది ఉంటే, 6.8 లక్షల కోట్ల పద్దు ముందు అదెంత ఖర్చు?

ఈ కమిటీ సమావేశాలు ఇప్పటికే మూసిన గదుల్లోనే జరుగుతాయి. కాబట్టి కొత్తగా రహస్య యంత్రాంగం కట్టనక్కరలేదు. 3,000 కోట్లు దాటిన కొనుగోళ్లు ఇప్పుడు మంత్రివర్గ భద్రతా సంఘానికి వెళ్తున్నాయి. అదే హద్దు పెట్టుకొని, సంతకానికి ముందు ఒప్పందపు ధర, గడువు, పోటీ జరిగిన తీరు కమిటీకి ఇచ్చి, పదిహేను రోజుల్లో అభిప్రాయం చెప్పమనవచ్చు. కమిటీకి ఆపే అధికారం అక్కరలేదు, అభిప్రాయాన్ని ఫైలులో చేర్చే హక్కు చాలు. యుద్ధకాలపు అత్యవసర కొనుగోళ్లను మినహాయించి, ఆ తరువాత లెక్క చెప్పించుకోవచ్చు. అయితే లోక్‌సభ నిబంధనల్లో ఒక అడ్డంకి ఉంది: దేశ భద్రతకు హాని అని చెప్పి ప్రభుత్వం కమిటీకి ఏ పత్రాన్నైనా ఇవ్వకుండా ఉండవచ్చు. హాని ఎందుకో కనీసం కమిటీ అధ్యక్షుడికి, స్పీకరుకు రాతపూర్వకంగా చెప్పాలన్న షరతు చేరిస్తే ఆ నిబంధన దుర్వినియోగం తగ్గుతుంది.

మా సభ్యుల విషయానికి వస్తే, శ్రీకాకుళం సభ్యుడు 2024 నుంచి కేంద్ర మంత్రి కనుక నిబంధన ప్రకారం ఈ కమిటీల్లో ఉండలేరు. మంత్రివర్గం లోపల మాట్లాడగలరు. విజయనగరం సభ్యునికి ఆ అడ్డు లేదు. రైళ్లు ఆగడం గురించి, జాతీయ రహదారి గురించి మన సభ్యులు అడుగుతున్నారు, మంచిదే. సైన్యానికి ఇన్ని ఇళ్ల నుంచి బిడ్డలను పంపిన ప్రాంతం తరఫున రక్షణ పద్దుపై ఏటా ఒక కోత తీర్మానమైనా మన పేర రావాలి. గిలెటిన్ పడినా ఆ తీర్మానం కాగితం మీద మిగులుతుంది.

ఈ మాటలు నలుగురితో అనుకుంటుంటే, కొందరు మాజీ సైనికులు ఒక పిటిషన్ రాద్దామన్నారు. లోక్‌సభకు పౌరులు పిటిషన్ పెట్టుకోవచ్చు, దానిమీద ఒక సభ్యుని ధ్రువీకరణ సంతకం ఉండాలి. ముసాయిదా నేను రాస్తున్నాను. రక్షణకు చెందిన నాలుగు పద్దులనూ గిలెటిన్ నుంచి తప్పించి ఏటా కనీసం ఒక పూర్తి రోజు చర్చించాలని, 3,000 కోట్లు దాటిన ఒప్పందాలను సంతకానికి ముందు కమిటీకి చూపాలని, ఒప్పందాల వారీగా ఆలస్యాల పట్టికను బడ్జెట్‌తో పాటు సభకు ఇవ్వాలని, సభలో పెట్టిన కాగ్ రక్షణ నివేదికలను ప్రజలకు అందుబాటులో ఉంచాలని అందులో కోరుతున్నాం. సుబేదారు గారు సంతకం చేసి, ఎత్తైన ప్రాంతాల దుస్తుల కొరతపై పీఏసీ ఏమి తేల్చింది, మంత్రిత్వ శాఖ ఏమి చేసింది అన్నదానికి కూడా జవాబు అడగమన్నారు. దాన్ని ఐదో కోరికగా చేర్చాను. వచ్చే బడ్జెట్ సమావేశాలకు ముందు ముసాయిదాను మా సభ్యుని కార్యాలయంలో ఇచ్చి, ధ్రువీకరణ సంతకం పెడతారో లేదో రాతపూర్వకంగా తెలియజేయమని అడగబోతున్నాం.